రోలాండ్ టీఆర్-707: పదిహేను శబ్దాలు, పది ఫేడర్లు

డోలక్, తబలా, డప్పు శబ్దాల కోసం చూస్తున్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన టీఆర్-707లో అవేవీ లేవు. మనం పెట్టిన వరసలో డ్రమ్స్ శబ్దాలు దానంతట అదే వాయించే, 1985 నాటి ఈ డ్రమ్ మెషీన్‌లో ఉన్నవి 15 శబ్దాలు, అన్నీ ఇంగ్లీషు డ్రమ్స్ సెట్టుకి చెందినవే. పిచ్ మార్చడానికి లేదు, కొత్త శబ్దం ఎక్కించడానికి లేదు, రివర్బ్ (హాల్లో మోగినట్టు మోత సాగదీయడం) లేదు, ఎకో లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌లో ఇంతకన్నా ఎన్నో రెట్లు శబ్దాలుంటాయి. ఇవన్నీ తెలిసే కొన్నాను. ఇప్పుడెవరైనా "అమ్ముతావా" అంటే మాట మార్చేస్తున్నాను.

నేను విజయనగరంలో ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తాను. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవారి పండగలు, దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో ఒకటో రెండో స్టేజీలు. అంటే నాకు రోజూ పని చేసే రిథమ్ కావాలి. అలంకారానికి షెల్ఫులో పెట్టుకునే పాత సామాను మీద మోజు లేదు. ఆ లెక్కలోనే దీన్ని చూశాను, ఆ లెక్కలోనే రాస్తున్నాను.

దొరికింది ఎలాగంటే, ఈ చుట్టుపక్కల ఒక పాత ఆర్కెస్ట్రా మూతపడింది. ఓనరు సామాన్లన్నీ అటక మీంచి దింపి అమ్మేస్తున్నాడు. మైకు స్టాండ్ల కోసం వెళ్లాను. స్పీకర్ల వెనకాల ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉంది ఇది. "ఇదేటి బావూ?" అంటే, "ఏదో జపాన్ పెట్టి, మా అన్నయ్య ఉన్నప్పుడు వాయించీవోడు. పన్జేస్తాదో నేదో నాకు తెల్దు" అన్నాడు. 12 వేలకి ఇచ్చాడు. బయటి దేశాల సైట్లలో అడుగుతున్న రేట్లతో పోలిస్తే ఇది కారుచౌక. వీటి విలువ తెలిసినవాళ్ల దగ్గర ఈ రేటు ఆశించొద్దు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది శబ్దం కాదు, బ్యాటరీల గది. పాటర్న్‌లు, అంటే మనం పేర్చిన దెబ్బల వరసలు, గుర్తుంచుకోవడానికి ఇందులో రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. మెషీన్ అడాప్టర్‌తో నడుస్తుంది, సెల్లులు కేవలం జ్ఞాపకశక్తికి. పక్కన పడేసిన పీసుల్లో ఆ సెల్లులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, కారి, స్ప్రింగుల్ని తినేస్తాయి. నాది అదే బాపతు. స్ప్రింగులకి పచ్చగా చిలుము పట్టి ఉంది. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, సన్న గరుకు కాగితంతో గీకితే తేరుకున్నాయి. చిలుము లోపలి బోర్డు దాకా పాకి ఉంటే మాత్రం బేరం ఆడకుండా లేచి వచ్చేయండి.

తర్వాత బటన్లు. కింద వరసలో ఉండే పదహారు స్టెప్ బటన్లే (పాటర్న్‌ని పదహారు ముక్కలు, అంటే స్టెప్పులు చేస్తే ఒక్కో ముక్కకి ఒకటి) ఈ పెట్టెకి ప్రాణం. వాడి వాడి అరిగితే ఒకసారి నొక్కినదానికి రెండుసార్లు పలుకుతాయి, లేదా గట్టిగా అదిమితే గాని పలకవు. అన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసుకోవాలి. నా దాంట్లో మూడు మొండికేశాయి. ఇక్కడే టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయనకిస్తే, రెండు వారాలు ఉంచుకుని "స్పేర్ దొరకదు" అని తిరిగిచ్చేశాడు, ఒక స్క్రూ తక్కువతో. చివరికి ఆ కొలతకి సరిపోయే మామూలు పుష్ స్విచ్‌లు తెప్పించి నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. టంకం పెట్టడం వచ్చినవాళ్లకి అదేమీ బ్రహ్మవిద్య కాదు. శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు, అంటే ఫేడర్లు, గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పైకీ కిందకీ బాగా జరిపితే చాలావరకు తగ్గుతుంది. అడాప్టర్ విషయంలో మాత్రం ఇంట్లో ఉన్నదేదో గుచ్చేయకండి. మెషీన్ వెనక ఏ వోల్టేజీ అని ఉందో, ప్లస్ లోపలా బయటా అన్నది చూసుకుని తెచ్చుకోండి.

ఇక అసలు సంగతి. రోలాండ్ వాళ్ల ఇదే టీఆర్ వరసలో 808 అనే మెషీన్ వచ్చింది 1980లో. దాంట్లో శబ్దాలన్నీ సర్క్యూట్లు పుట్టించేవే. అదే ఏడాది అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 నిజం డ్రమ్స్‌ని రికార్డు చేసి చిప్పుల్లో దాచింది. మెమరీ అప్పట్లో ఎంత ఖరీదంటే, దాంట్లో క్రాష్, రైడ్ లాంటి పెద్ద తాళాలకి చోటే లేకపోయింది. తాళం మోత చాలాసేపు సాగుతుంది, అంత మెమరీ ఎవరు పోస్తారు? 1983లో రోలాండ్ తెచ్చిన 909 సగం సగం: తాళాలు రికార్డింగులు, మిగతావి సర్క్యూట్లు. 707 దగ్గరికొచ్చేసరికి టీఆర్ వరసలో మొదటిసారి అన్నీ రికార్డింగులే అయ్యాయి. మెమరీ కక్కుర్తి మాత్రం ఇందులోనూ వినిపిస్తుంది. క్రాష్, రైడ్ వినండి, మిగతావాటి కంటే తక్కువ బిట్లలో, అంటే తక్కువ వివరంతో, దాచారు కాబట్టి ఇసక రాలినట్టు ఒక గరుకు ఉంటుంది. క్రాష్ పూర్తిగా సాగకుండానే మునిగిపోతుంది. మొదట్లో నాకది లోపమనిపించింది. కీబోర్డు, గిటారు, ఇద్దరు సింగర్లు ఉన్న స్టేజీ మీద చూస్తే, ఆ గరుకు వల్లే తాళం అందరి మధ్యనుంచీ వినిపిస్తోంది, పొట్టిగా ఉండడం వల్ల పాట మాటల్ని మింగేయడం లేదు.

శబ్దాల్లో నాకు బాగా నచ్చినవి మొదటి బేస్ డ్రమ్, క్లాప్ (చప్పట్లు), రిమ్‌షాట్ (డ్రమ్ అంచు మీద టక్కుమని పడే దెబ్బ). బేస్ డ్రమ్ గుండ్రంగా, కురచగా ఉంటుంది. సౌండ్ బాక్సులాయన బేస్ ఎంత పెంచినా బురదలా వ్యాపించదు. స్నేర్లు రెండూ పొడిగా ఉంటాయి, బయట మిక్సర్‌లో కొంచెం రివర్బ్ ఇవ్వకపోతే బోసిగా అనిపిస్తాయి. టామ్‌లు నాకు నచ్చలేదు. ఎనభైల నాటి పాట అని ముఖం మీద రాసిపెట్టి ఉంటుంది, ఆ కాలపు పాటలకి తప్ప వాడను. కౌబెల్ గురించి మాట్లాడను.

ఇక్కడో మెలిక తెలుసుకోవాలి. శబ్దాలు 15 అయినా, ఒకేసారి పలకగల గొంతులు 10. బేస్ డ్రమ్‌లు రెండూ ఒకే గొంతు పంచుకుంటాయి, స్నేర్లూ అంతే. రిమ్‌షాట్‌కి కౌబెల్‌తో, క్లాప్‌కి టాంబురిన్‌తో, మూసిన హైహ్యాట్‌కి తెరిచినదానితో పొత్తు (హైహ్యాట్ అంటే కాలితో మూసి తెరిచే జంట తాళం). జతలో రెండూ ఒకే దెబ్బకి మోగవు. క్లాప్ మీద టాంబురిన్ వేద్దామంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. హైహ్యాట్ విషయంలో అది వరమే. తెరిచిన తాళం మూయగానే ఆగాలి కదా, ఆ పని దానంతట అదే అవుతుంది.

ఈ పది గొంతులకీ పైన పది ఫేడర్లు, వెనక పది విడివిడి అవుట్‌పుట్ సాకెట్లు. నా దృష్టిలో ఈ మెషీన్‌కి డబ్బు పెట్టాల్సింది దీనికే. ఇప్పటి ప్యాడ్‌లో స్నేర్ కొంచెం తగ్గించాలంటే మెనూలోకి పోయి, కిట్ ఎడిట్‌లోకి పోయి, ఆ ప్యాడ్ వెతికి, అంకె మార్చాలి. అప్పటికి పల్లవి అయిపోతుంది. ఇక్కడ సింగర్ గొంతు కాస్త బలహీనంగా ఉందనిపిస్తే ఎడమ చేత్తో హైహ్యాట్ ఫేడర్ ఇంత దింపడమే. చరణం మొదట్లో తాళాలన్నీ దించేసి బేస్ డ్రమ్, రిమ్‌షాట్ మాత్రం ఉంచి, మళ్లీ పల్లవికి ఒక్కొక్కటే లేపుతుంటే, ఒకే పాటర్న్ నాలుగు పాటర్న్‌లు అయినట్టు ఉంటుంది. జనానికి అదేమిటో తెలియదు, ఊపు మాత్రం తెలుస్తుంది.

విడి అవుట్‌పుట్‌లు అన్నీ వాడాలంటే మిక్సర్‌లో పది ఛానెళ్లు ఖాళీ ఉండాలి, మన స్టేజీల్లో అది కలే. నేను బేస్ డ్రమ్, స్నేర్, క్లాప్ మూడింటికి మాత్రం విడిగా కేబుల్ లాగి, మిగతావి మామూలు అవుట్‌పుట్ నుంచి ఇస్తాను. క్లాప్ ఛానెల్‌కి మాత్రం ఎకో ఇస్తే ఎంత తేడా వస్తుందో చెప్పలేను. ఒక్క కేబుల్‌తో సరిపెట్టుకునేవాళ్లయితే ఈ మెషీన్‌లో సగం వాడనట్టే.

రెండో గొప్ప స్క్రీన్. 808, 909ల మీద ఒకసారికి ఒక వాద్యం స్టెప్పులే కనిపిస్తాయి. 707 స్క్రీన్ మీద అన్ని వాద్యాలూ వరసలుగా, పదహారు స్టెప్పులూ నిలువు గళ్లుగా ఒకేసారి కనిపిస్తాయి. ఏ దెబ్బ ఎక్కడ పడుతోందో చుక్కల్లో చూసుకోవచ్చు. నా పాత ప్యాడ్‌లో చెవితో వెతుక్కునేదాన్ని ఇక్కడ కంటితో పట్టుకుంటున్నాను. దీనికి బ్యాక్‌లైట్ లేకపోవడం మాత్రం పెద్ద లోటు. స్టేజీ మీద రంగు లైట్లు తిరుగుతుంటే ఎర్ర లైటు పడ్డప్పుడు ఒక్క చుక్క కనపడదు. పుస్తకాలు చదువుకోవడానికి అంటించుకునే చిన్న క్లిప్ లైటు పెట్టుకున్నాను, దానికి పురుగులు మూగుతున్నాయి.

మన కర్ణాటక సంగీత తాళాలు పలుకుతుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. శబ్దం మనది కాదు గానీ లెక్క మనదే అవుతుంది. పాటర్న్ పదహారు స్టెప్పులే ఉండాలని రూలు లేదు, చివరి స్టెప్పు ఎక్కడో మనమే చెప్పొచ్చు. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో మృదంగం చదువుకున్న నా స్నేహితుడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "గురూ, మిశ్రచాపు వేయి చూద్దాం" అన్నాడు. అది ఏడు అక్షరాల తాళం కాబట్టి చివరి స్టెప్పు 14 దగ్గర పెట్టాను. వాడు "తకిట తకధిమి" అంటుంటే అక్షరానికి రెండు స్టెప్పుల చొప్పున రిమ్‌షాట్ వేసుకుంటూ పోయాను. దెబ్బలు పడే 1, 7, 11 స్టెప్పుల్లో బేస్ డ్రమ్ పెట్టి, మొదటిదానికి యాక్సెంట్ ఇచ్చాను, అంటే ఆ దెబ్బ గట్టిగా పడేలా. స్టార్ట్ నొక్కగానే వాడు తొడ మీద తాళం వేస్తూ ముత్తాయింపు (ముగింపు జతి) దాకా వెళ్లిపోయాడు, మెషీన్ ఒక్క అక్షరం జారలేదు. ఐదు అక్షరాల ఖండచాపుకి 10 స్టెప్పులు. సాధకానికి ఇంత నమ్మకమైన తోడు దొరకదని వాడి తీర్పు. 1919 నుంచి నడుస్తున్న కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా చేసిన చోటు. అక్కడ చదివినవాడి మెప్పు కాబట్టి కాస్త గొప్పగానే రాసుకుంటున్నాను.

యాక్సెంట్ గురించి ఒక ఫిర్యాదు. అది ఆ స్టెప్పులో మోగే వాద్యాలన్నిటికీ కలిపి పడుతుంది. బేస్ డ్రమ్ ఒక్కటే గట్టిగా, హైహ్యాట్ మెత్తగా అంటే కుదరదు. పైగా బటన్లు ఎంత గట్టిగా కొట్టినా, ఎంత మెల్లగా తాకినా ఒకటే మోత. మృదంగం వాయించే చేతికి ఇది జైలే.

ఆ జైలు ఎంత ఇరుకో తప్పెటగుళ్లు వేయబోయినప్పుడు తెలిసింది. గుండెకి కట్టుకున్న రేకు తప్పెటని రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గెంతుతూ పాడే ఆ నడక మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక బృందం వాయించే మూడేసి లెక్కన సాగే నడక ఒకటి నాకు చిన్నప్పటినుంచీ నోట్లో ఉంది. స్కేల్ బటన్‌తో బీటుని మూడు ముక్కలు చేసుకోవచ్చు కాబట్టి లెక్క ఇట్టే కుదిరింది. రేకు మోతకి రిమ్‌షాట్, దాని కింద హై టామ్ తగ్గించి, గజ్జెలకి టాంబురిన్. రెండు చేతులూ వెంట్రుకవాసి తేడాతో పడే చోట ఫ్లామ్ పెట్టాను. షఫుల్ (దెబ్బల్ని ఊగినట్టు జరపడం) కూడా ఉంది గానీ ఇక్కడ పనికిరాలేదు, హిందీ పాటలకి బాగుంటుంది.

ఆ బృందంలో మామయ్య వరసయ్యే పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి వినిపించాను. తల ఊపుతూ విన్నాడు. కాసేపటికి, "బానే ఉందిరా అల్లుడూ, గానీ దీనికి ఆయాసం రాదేటి?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో విషయం ఉంది. తప్పెటగుళ్లు మొదట్లో ఉన్న వేగంతో చివర్లో ఉండవు, ఒళ్లు వేడెక్కే కొద్దీ పరుగందుకుంటాయి. ఊపిరి తీసుకునే చోట ఇంత వెనకబడి, కలిసి గెంతే చోట ఇంత ముందుకు దూకుతాయి. దీనికి టెంపో నాబ్ ఉంది, ఇంకో చేత్తో తిప్పుతూ వేగం పెంచాను. పరుగు వచ్చింది, ఆ తూగు రాలేదు. చివరికి నేను ఏం చేస్తున్నానంటే, మెషీన్‌లో బేస్ డ్రమ్, టాంబురిన్ మాత్రం నడవనిచ్చి, రేకు దెబ్బలు ప్యాడ్ మీద చేత్తో వాయిస్తున్నాను. దీనికి మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ఉంది కాబట్టి ప్యాడ్ మిడి అవుట్ నుంచి దీనికి కేబుల్ వేసి, దీని శబ్దాల్నే కర్రలతో పలికించుకోవచ్చు కూడా. వెనక మిడి సాకెట్లలాగే కనిపించే సింక్ సాకెట్ ఒకటుంటుంది, మిడి కేబుల్ అందులో కూడా చక్కగా దూరుతుంది, పని మాత్రం చేయదు. అది రోలాండ్ పాత మెషీన్లని జత కలిపి నడపడానికి.

పాటర్న్‌లు 64 దాచుకోవచ్చు. వాటిని వరసగా పేర్చి పాట మొత్తం నడిపించే ట్రాకులు నాలుగు. ఆర్కెస్ట్రాలో ట్రాక్ మోడ్ నాకు పెద్దగా పనికిరాలేదు. సింగర్‌కి చప్పట్లు పడితే పల్లవి ఇంకోసారి అందుకుంటాడు, ట్రాక్ మాత్రం చరణంలోకి వెళ్లిపోతుంది. అందుకే పాటర్న్‌లు చేత్తోనే మారుస్తాను. కొత్త పాటర్న్ నొక్కితే నడుస్తున్న ఆవర్తం పూర్తయ్యాకే మారుతుంది కాబట్టి ముందే నొక్కేసినా భయం లేదు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు మెషీన్ ఆరిపోతుంది. సెల్లులు బాగుంటే పాటర్న్‌లు అలాగే ఉంటాయి, మళ్లీ స్టార్ట్ నొక్కుకోవడమే. సెల్లులు నీరసిస్తే మొత్తం మాయం. అందుకని బయట దాచుకోవడం తప్పనిసరి. కార్ట్రిడ్జ్ పెట్టే చోటు ఉంది గానీ ఆ కార్ట్రిడ్జ్‌లు ఇప్పుడు దొరకడం గగనం. ఇంకో దారి టేప్ సాకెట్. పాటర్న్‌లన్నీ కీచుమనే శబ్దంగా బయటకొస్తాయి, పాత రోజుల్లో క్యాసెట్ మీద రికార్డు చేసేవారు. నేను ల్యాప్‌టాప్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేసి ఉంచుకున్నాను, తిరిగి వాయించి లోపలికి పంపితే చక్కగా ఎక్కుతుంది. ఫోన్ వాయిస్ రికార్డర్‌ని నమ్ముకోకండి, అది శబ్దాన్ని నొక్కేసి పాడుచేస్తుంది. రికార్డు చేశాక, అది సరిగా పడిందో లేదో వెరిఫై కొట్టి చూసుకోవడం మంచిది.

మరి ఎవరు కొనాలి? ఒక్కరే కీబోర్డు పట్టుకుని భజనలకీ రిసెప్షన్లకీ వెళ్లేవాళ్లకి ఇది దండగ. కీబోర్డులో ఉండే స్టైల్సే మేలు, డోలక్ కూడా ఉంటుంది. పేరు కోసం, యూట్యూబ్ వీడియోలో వెనకాల కనిపించడం కోసం అయితే అంత ఖర్చు అక్కర్లేదు. 707 శబ్దాలు మాత్రమే కావాలంటే రోలాండ్ వాళ్లదే టీఆర్-8ఎస్‌లో ఉన్నాయి, ఫేడర్లతో సహా. వారంటీ వస్తుంది, చిలుము గీకే పని ఉండదు, ధర మాత్రం ఎక్కువ. ఇంట్లో సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లు, చేతిలో మిక్సర్ ఉన్నవాళ్లు, టంకం పెట్టడం వచ్చినవాళ్లు, సరసమైన రేటుకి తగిలితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. షికాగోలో హౌస్ మ్యూజిక్ (డ్రమ్ మెషీన్ల మీద నడిచే డాన్స్ సంగీతం) మొదలైన రోజుల్లో కుర్రాళ్లు వాడిన మెషీన్లలో ఇదీ ఒకటి. అప్పుడు వాళ్లకి దొరికినవి ఈ పదిహేనే. నాకైతే శబ్దాలు వెతకడం మానేసి పాటర్న్ మీద కూర్చోవడం దీనివల్లే అలవాటైంది.

దీనికి తోబుట్టువు టీఆర్-727 ఒకటుంది. అదే పెట్టె, అవే బటన్లు, లోపల మాత్రం కాంగాలు, బాంగోలు, టింబాలీలు, మరాకాలు, విజిల్ లాంటి లాటిన్ శబ్దాలు. కాంగాలుంటే మన ఫోక్ పాటలకి సగం పని అయిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి. బటన్లు పలకకపోయినా ఫర్వాలేదు, నేను మార్చుకుంటాను. బ్యాటరీల గది ఫోటో మాత్రం ముందు పంపండి.